ఎవరి పేరు కొట్టినా వస్తది

మార్చి 4
పొద్దున్నే ఫోన్. రికార్డు చేసిన గొంతు — నా పేరుతో సహా నమస్కారం పెట్టి, ఓటు మా గుర్తుకే అంటోంది. ఈ నంబరు తెలిసింది ఇద్దరికే. వెనక గది అద్దెకిచ్చిన పుణ్యానికి లక్ష్మవ్వకు, ఓటు ఈ కాలనీకి మార్చుకున్నప్పుడు ఆఫీసుకు.

మార్చి 6
మళ్లీ ఫోన్. ఈసారి బసంత్‌నగర్ నుంచి, నేను వదిలొచ్చిన కాపురం నుంచి. అతనే. "కొత్త నంబరు మంచిగున్నది" అన్నాడు. అంతే, పెట్టేశాడు. అతను విరగ్గొట్టిన చెయ్యి ఎప్పుడో అతుక్కుంది. ఆ గొంతు వింటే ఇప్పటికీ సలుపుతుంది. కుట్టు మిషన్ ముందు కూర్చున్నా... సూదిలోకి దారం ఎక్కదు.

మార్చి 7
మల్లేశన్నను అడిగాను. పార్టీ తరఫున మా క్వార్టర్ల లైను ఓట్లు చూసేది అతనే. ఫోన్ తీసి గర్వంగా చూపించాడు — నా ఫొటో, వయసు, భర్త పేరు, క్వార్టర్ నంబరు, అన్నిటికీ కింద నా ఫోన్ నంబరు. "ఎవరి పేరు కొట్టినా వస్తది చెల్లె." పార్టీలో తిరిగే వాళ్లందరి ఫోన్లలోనూ ఉందట. బసంత్‌నగర్‌లో కూడానా అంటే నవ్వాడు. అతని కూతురి జాకెట్టు నా దగ్గరుంది. చంకల కింద బిగుతుగా కుట్టాలనిపించింది. కుట్టాను.

మార్చి 9
ఓట్ల ఆఫీసు. పేర్ల జాబితా అందరూ చూసేదేనట. ఫోన్ నంబర్లు మాత్రం తమ దగ్గర్నుంచి పోవన్నాడు సారు. మరి నాది నడుచుకుంటూ పోయిందా? ఫిర్యాదు రాసివ్వమన్నాడు. రాశాను. కింద చిరునామా, ఫోన్ నంబరు వెయ్యమన్నాడు.
కాగితం చింపి లేచి వచ్చేశాను.

మార్చి 10
కొత్త సిమ్ కొన్నా. క్వార్టర్‌ను ఎక్కడ మార్చను?

మార్చి 16
వచ్చాడు. మొదటి షిఫ్టు దిగే వేళ, రోడ్డంతా మనుషులు ఉన్నప్పుడు. నున్నగా తల దువ్వుకుని, చేతిలో పండ్ల సంచితో. ఇంతమందిలో నేను అరిస్తే పిచ్చిదాన్ని నేనే అవుతాను, అతను కాదు. అది తెలిసే ఆ వేళకు వచ్చాడు. తలుపు తియ్యలేదు. సంచి గడప దగ్గర పెట్టి పోయాడు. లక్ష్మవ్వ పండ్లు కడుక్కుని తింది. "మొగడు ఎతుక్కుంట వచ్చిండు, ఇంకేం గావాలె నీకు?" అంది. ఆమె కడుపు చెడిపోవాలని మొక్కుకున్నా. చెడలేదు.

మార్చి 18
లైనులో అందరి ముఖాల్లోనూ జాలి. నా మీద కాదు.

మార్చి 25
ఓటు చీటీలు పంచుతున్నారు. ఏ స్కూలు, ఏ గది — అన్నీ దాని మీదే. ఇక్కడి అలవాటు ఒకటుంది, ఇంటిల్లిపాది చీటీలూ మగవాడి చేతికే ఇస్తారు. నాది రాలేదు. మల్లేశన్న తనే ఎదురొచ్చి చెప్పాడు.
"నీది బావకిచ్చిన చెల్లె. టీ కొట్టు కాడ కలిసిండు. ఓట్ల నాడు తనే తోలుకపోతడట."
నా ఓటు కూడా వాళ్ల పార్టీకే వేయిస్తానని మాటిచ్చాడట బావ. కాపురం నిలబెట్టిన పెద్దమనిషిలా వెలిగిపోతున్నాడు మల్లేశన్న. అసహ్యం వేసింది.
చీటీ లేకున్నా కార్డుతో ఓటు వెయ్యొచ్చు, తెలుసు. ఆ గది ముందు ఎవరు నిలబడి ఉంటారో కూడా తెలుసు.

మార్చి 29
ఓట్ల రోజు. నేను పోలేదు. లక్ష్మవ్వ సిరా వేలు చూపించుకుంటూ వచ్చింది. అతను స్కూలు దగ్గర చూసీ చూసీ ఇక్కడికే వచ్చాడు. మధ్యాహ్నం నుంచి మెట్ల మీదే. పక్క క్వార్టర్ వాళ్లు చాయ్ కూడా పోశారు.
ఇప్పుడు సాయంత్రం. తలుపు సందులోంచి మెత్తటి గొంతు — "ఇగో, నీ చీటీ."
ఓట్లు అయిపోయాయి, పో అన్నాను.
"నేను ఓటు కోసం వచ్చిననా?"
బయట మనిషిని ఎంతసేపు కూర్చోబెడతావని గొణుగుతూ లక్ష్మవ్వ లేచింది. గొళ్లెం దగ్గరికి పోతోంది... వద్దవ్వా అంటున్నా, వినడం లేదు. కత్తెర నా ఒళ్లోనే ఉంది.