ఈశాన్యం మూల గది

కంచరపాలెం, విశాఖపట్నం
12-8-1983

అమ్మా వరహాలూ, నీ తొలి పురుడు మనింట్లోనే! మీ మామగారు ఒప్పేసుకున్నారు!

సంతోషంలో దీవెనలు మరిచాను. చిరంజీవి సౌభాగ్యవతి వరహాలుకు మీ నాన్న అప్పలసూరి వేయి దీవెనలు. ఇక్కడ నేనూ మీ అమ్మా క్షేమం. కడుపులో బిడ్డతో సహా నీ క్షేమం కోరుతున్నాం.

మొన్న వేసవిలో ఆ మహానుభావుడు ఏమన్నాడో గుర్తుందిగా? పెంకులు కారే కొంపలో, నిండు మనిషి లెట్రిన్‌కి వీధి చివరిదాకా నడవాల్సిన చోట, తన వంశాంకురం పుట్టదన్నాడు. ఈశాన్యంలో దేవుడి గదైనా లేదని మూతి తిప్పాడు. వానొస్తే తన వంటింట్లో గిన్నెలు పరుచుకునే మనిషి! తొలి పురుడు పుట్టింట్లో పోయలేకపోతే మీ అమ్మ నలుగురిలో తలెత్తుకోగలదా? అందుకే పెంకులు దింపించి స్లాబు వేయించాను. తూర్పు అరుగు కలిపి నీకో గది తీశాం. కిటికీ తెరిస్తే ఓడ కూతలు వినబడతాయి.

నిన్న ఆయన తనిఖీకి వచ్చాడు. పోర్టులో తూకం గుమాస్తాగా రిటైరైనవాడు, కలెక్టరులా రిక్షా దిగాడు. చేతిలో దిక్సూచి! దాన్ని గోడగోడకీ ఆనించి చూశాడు. ముల్లు ఊగుతుంటే తనూ ఊగాడు. మన పీర్ మహమ్మద్ మేస్త్రీ నా చెవిలో, ఏటి బావా, ఈ బాబు ఇల్లు సూడ్డానికొచ్చాడా, ఓడ నడపడానికొచ్చాడా అన్నాడు.

వాయవ్యంలో రేకు తలుపు చూపించి లెట్రిన్ అన్నాను. కండువాతో ముక్కు మూసుకున్నాడు. ఈశాన్యంలో మామిడాకులు కట్టిన తలుపు చూపించి దేవుడి గది అన్నాను. స్నానం చేయకుండా తాళం ముట్టకూడదన్నాను. చెప్పులు విడిచాడు, లెంపలు వేసుకున్నాడు, వంగి దణ్ణం పెట్టాడు! ఇల్లంటే ఇలాగుండాల, కోడల్ని పంపిస్తానన్నాడు. మీ అమ్మ నోట్లో కొంగు కుక్కుకుని వంటింట్లోకి పరిగెత్తింది.

గురువారం పాసింజరుకి నేనే ఎలమంచిలి వచ్చి నిన్ను తీసుకొస్తాను. అందాకా నూతి దగ్గర వంగకు తల్లీ.

ఇట్లు,
కాలు నేలమీద ఆనని
మీ నాన్న అప్పలసూరి

తా.క.: ఇది పోస్టులో వేస్తే మీ మామగారి చేతిలో పడుతుందని, మేస్త్రీ చేతికిచ్చి పంపుతున్నాను. మున్సిపాలిటీ కాలవ మనకి ఈశాన్యం వైపే ఉంది. పైపు ఇటే పోతాది బావా, వాస్తు సెప్తే తిరిగిపోద్దా అన్నాడు మేస్త్రీ. ఆయన ముక్కు మూసుకున్నది మన కట్టెల కొట్టుకి. దణ్ణం పెట్టింది నీ లెట్రిన్‌కి! నీ మంచానికి పక్కనే. దేవుడు ఎప్పటిలాగే వంటింటి గూట్లో ఉన్నాడు, ఆయనకేం కోపం లేదు.

ఇది తప్పక చెప్పవలసినవాళ్ళు: అల్లుడు శ్రీరామ్మూర్తి, పరవాడ చిన్నత్త పైడితల్లి, సబ్బవరం మావయ్య గవర్రాజు. అందరికన్నా ముందు మీ అత్తగారు కనకరత్నం గారు. ఆ మనిషితో ఇన్నేళ్ళు వేగింది, కడుపారా నవ్వుకోనీ.