డి డ్రైవ్‌ను కోసిన రోజు

ఆదివారం, మహబూబాబాద్

మా పాత కంప్యూటర్‌లో కొత్త విండోస్‌కు చోటు చాలలేదని, రిపేరు షాపు సురేష్ అన్న డి డ్రైవ్‌లో కొంత కోసి సి డ్రైవ్‌లో కలిపాడు. మా తండా మాటలు ఏడాదిగా ఏరి రాసుకున్న ఫోల్డర్ డి లోనే ఉంది.

"ముందుగాల్నే నా హార్డ్ డిస్క్‌ల కాపీ చేసిన, అంతా పదిలం" అన్నాడు.

పదిలం, ఎంత చక్కని మాట! మరి ఆ కాపీ చేసేటప్పుడే నన్ను చాయ్ తాగి రమ్మని ఎందుకు పంపాడు?

ఇంటికొచ్చి చూస్తే ఫోల్డర్ ఉంది కానీ, అవ్వ చెప్పిన అడవి చెట్ల పేర్ల ఫైలు తెరుచుకోవడం లేదు. ఫోన్ చేశాను.

"పాత కంప్యూటర్ గదా చెల్లె, జర టైమ్ పడ్తది. నా మీద నమ్మకం లేదా ఏంది?"

"ఉందన్నా. నీ దగ్గరున్న కాపీ మాత్రం తుడవకు, పొద్దుగాల్నే వస్త."



"ఏ కాపీ?" అన్నాడు.