చేరవేసిన తలుపు

అక్కా, పాప క్షేమం. ఆ మాట నమ్మి మిగతాది చదువు.

నిన్న పొయ్యి మీద పాలు పెట్టి, మనింట్లోలాగే తలుపు చేరవేసి, చెత్త పారేయడానికి కిందికి వెళ్ళాను. ఇక్కడ తలుపు మూసుకుంటే చాలు, తాళం పడిపోతుంది. తాళంచెవి లోపల, పాప ఏడుపు లోపల, మాడే పాల వాసన బయటికి. నీ మరిది పనిలో ఉన్నారు. నా కేకలు విని పక్కింటావిడ, మన పోపు ఘాటుకి రోజూ గోడ బాదే మనిషే, బాల్కనీ దాటి వెళ్ళి లోపల్నుంచి తలుపు తీసింది. పాపని నా చేతికిచ్చి, వాళ్ళ భాషలో చెడామడా దులిపేసింది. రెండో తాళంచెవి ఆవిడకే ఇచ్చాను.

నాన్న మోకాలు ఎలా ఉంది? పాపకి మెత్తని పాతచీరలు పంపు.

అమ్మతో ఇదంతా అనకు. పోస్టుకార్డు కదా, ఈపాటికి చదివేసే ఉంటుంది. అమ్మా, ఏడవకే. ఇక్కడ కూడా నన్ను తిట్టే మనిషి దొరికింది.

నీ చెల్లి