బోటు వణుకు

మే 12

బావ పడ్డాడు.

తాటిపూడి రిజర్వాయరులో గాలి లేదు. నీళ్ళు పలకలా ఉన్నాయి. నేను బోటు నడుపుతున్నాను, బావ తాడు పట్టుకుని, కాళ్ళకి స్కీ చెక్కలతో నీళ్ళ మీద జారుతూ వెనకాల వస్తున్నాడు. స్పీడు అందుకోగానే స్టీరింగ్ వణికింది. తర్వాత సీటు. తర్వాత బోటు మొత్తం. వెనకాల చూపించే అద్దంలో బావ ఇద్దరుగా కనిపించాడు. థ్రాటిల్ తగ్గించేలోపే తాడు గుంజి వదిలింది. అద్దంలో ఎవరూ లేరు.

ఎడమ భుజం జారింది. విజయనగరం ఆసుపత్రిలో సరిచేసి కట్టు కట్టారు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఒక్క మాట అన్నాడు. ‘నీ సెయ్యి ఊగిందే, శైలూ.’

ఈశ్వర్ బావ ఏదీ ఊరికే అనడు. అందుకే నిద్ర పట్టేలా లేదు. స్కీయింగ్ నేర్పుతామని మేం బోర్డు పెట్టుకున్నది అతని కాళ్ళనీ, నా చేతినీ నమ్ముకునే.

మే 13

నా చెయ్యి ఊగలేదు.

మే 16

బోటును ట్రైలర్ మీద గట్టుకి లాగించి, కింద దూరి చూశాను. ప్రొపెల్లర్ మూడు రెక్కల్లో ఒకదాని అంచు మడతపడి ఉంది. ఎండలకి నీళ్ళు దిగిపోయి, మునిగిన చెట్ల మోళ్ళు పైకొస్తున్నాయి. దేనికో తగిలింది.

బావని పిలిచి చూపించాను. కట్టు చేత్తో వంగలేక వంగి చూశాడు. ఆ వంపు ఎప్పటిదో అన్నాడు.

సాయంత్రం ఆమదాలవలస నుంచి సింహాచలం మావ ఫోన్. బావకి తండ్రి, నాకు మేనమామ. బట్టల షాపుతో పాటు ఈ బోటూ ఆయనదే. ఇంజిన్ కావాలని ఒడిశా చిలికా సరస్సు నుంచి ఎవరో అడుగుతున్నారట. ‘ఆడి బుజం జారిపోయినాక ఇంకేటి బోటే అమ్మా, ఇచ్చీమంటావా?’ అన్నాడు. వానలు పడేదాకా ఆగమన్నాను. ఎందుకన్నాడు. బాగుచేస్తానన్నాను. ఎవులన్నాడు. నేనే అన్నాను. ‘సరే, వానల దాకా సూద్దాం’ అని ఫోన్ పెట్టేశాడు.

మే 24

విశాఖపట్నంలో రెక్క సరిచేయించి, బ్యాలెన్సింగ్ చేయించి తెచ్చాను. బిగించాను. ఒక్కదాన్నే నడిపాను.

వణుకు పోలేదు. కానీ అదే వణుకు కాదు. అప్పుడు స్పీడు మీద పుట్టేది, ఇప్పుడు మెల్లగా వెళ్ళినా పళ్ళలోకి తెలుస్తోంది. అద్దంలో గట్టు మీది తాటిచెట్లు ఈకల్లా అదురుతున్నాయి.

ఒడ్డున బావ నిలబడి ఉన్నాడు. తగ్గిందా అని అడిగాడు. లేదన్నాను. ‘మరి నాను సెప్పినాను గదా’ అని నా చెయ్యి వైపు చూసి నవ్వాడు. చేతిలో స్పానర్ ఉంది. కింద పెట్టి వచ్చేశాను.

మే 28

ఇంజిన్‌నీ, ప్రొపెల్లర్‌ని తిప్పే షాఫ్ట్‌నీ కలిపే కప్లింగ్ రెండు ముఖాలూ సమంగా కూర్చోవాలి. మాన్యువల్‌లో ఉంది. బోటు నీళ్ళల్లో ఉండగానే చూడాలట, గట్టు మీద దాని ఒళ్ళు కాస్త వంగి కొలత మారుతుంది. బోర్లా పడుకుని బోల్టులు వదులు చేసి, చుట్టూ సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి చూశాను. పైన సందు ఎక్కువ, కింద తక్కువ. ఇంజిన్‌ని నిలబెట్టే మౌంట్ నట్లు కొంచెం కొంచెం తిప్పుతూ పొద్దంతా. ఎండకి కాగిన బోటు అడుగుకి మోచేతులు కాలాయి.

తగ్గింది. పోలేదు.

జూన్ 3

షాఫ్ట్ విప్పి, పాత చీరలో చుట్టి, సాలూరు బస్సెక్కాను. కండక్టరు తుపాకీయా అని అడిగాడు. లారీల షాఫ్టులు చూసేవాళ్ళు అక్కడుండగా ఇంకెక్కడికి వెళ్ళను?

లేతు షాపు జగన్నాధం గారు చీర విప్పి, ఇది ఏ లారీది తల్లీ, ఇంత సన్నం అన్నారు. బోటుదన్నాను. ‘బోటా! సాలూర్లోనా!’ అని పక్క షాపుల వాళ్ళని కూడా పిలిచారు. లేతు మీద తిప్పి వంపు చూపించే డయల్ గేజ్ ఆనించారు. ముల్లు కదిలింది. నాకు ఏడుపొచ్చినంత సంతోషం. వంపు దొరికింది! ప్రెస్ మీద పెట్టి, ముల్లు నిలిచేదాకా ఓపిగ్గా సరిచేశారు. వీధంతా టీ తాగాం.

జూన్ 5

ఇంకా ఉంది.

జూన్ 9

ఇవాళ బావతో దెబ్బలాడాను. మందు రాయించుకోడు, ఎక్సర్‌సైజు చెయ్యడు, ఒడ్డున నిలబడి నన్ను చూస్తాడు. బోటు బాగైతే నీకు ఇష్టం లేదా అని అరిచాను.

నేల చూస్తూ చెప్పాడు. ‘బయమేస్తన్నాది శైలూ. బోటు బాగైపోతే మళ్ళీ ఎక్కాల గదా. నీ సెయ్యి ఊగిందో లేదో నాకేటి తెల్సు. నీమీద ఏసీసినాను.’

కోపం రావాలి. రాలేదు. అన్నం పెట్టాను. ఇద్దరం తిన్నాం.

జూన్ 11

పొద్దున్నుంచీ ఒకటే ఆలోచన. ప్రొపెల్లర్ విశాఖపట్నం రిపేరు నుంచి వచ్చాకే వణుకు రకం మారింది. అంటే దాంతోపాటు ఏదో కొత్తది లోపలికి వచ్చింది. కొత్తది ఏమిటి? కీ! షాఫ్ట్ మీద ప్రొపెల్లర్ జారకుండా గాడిలో పెట్టే చిన్న ఇత్తడి ముక్క. పాతది అరిగిందని మార్చారు.

ప్రొపెల్లర్ ఊడదీశాను. కీ లేకుండా తొడిగాను. షాఫ్ట్ మీద ఎక్కడిదాకా వెళ్ళిందో అక్కడ గోళ్ళ రంగుతో గీత పెట్టాను. కీ పెట్టి మళ్ళీ తొడిగాను. గీతదాకా రాలేదు. గోరంత దూరంలో ఆగిపోయింది. కీ ఎత్తు ఎక్కువై, ప్రొపెల్లర్‌ని వీపు మీద మోస్తోంది. పక్కకి ఒరిగి కూర్చుని తిరిగితే వణక్క ఏం చేస్తుంది?

కీని ఆకురాయితో రుద్దడం, తొడగడం, చూడడం. బావ వచ్చి కుడి చేత్తో ప్రొపెల్లర్ ఎత్తి పట్టుకున్నాడు. చివరికి గీత మీదికి వచ్చి కూర్చుంది. ‘కూకుంది’ అన్నాడు, నాకంటే ముందు.

జూన్ 12

తాటిచెట్లు తాటిచెట్లలా ఉన్నాయి. పూర్తి స్పీడులో కూడా.

జూన్ 15

మావ, చిలికా ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇద్దర్నీ ఎక్కించుకుని రిజర్వాయరంతా తిప్పాను. మావ సీటు మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు, నాడి చూస్తున్నట్టు. దిగాక అడిగాడు. ‘బోటు బాగైనాది సరే. ఎనకాల తాడు ఎవులు పట్టుకుంటారు? ఈడు ఎక్కనంటన్నాడు.’

బావ తల దించుకున్నాడు. చిలికా ఆయన వాచీ చూసుకున్నాడు.

నేను పట్టుకుంటానన్నాను. నీకు రాదు గదే అన్నాడు బావ. నువ్వు నేర్పు, బోటు నువ్వే నడుపు అన్నాను. ఈత తప్ప నాకేమీ రాదు.

మావ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, చిలికా ఆయనకి భోజనం పెట్టించి వట్టి చేతులతో పంపేశాడు.

జూన్ 29

బావ స్టీరింగ్ పట్టుకోవచ్చని డాక్టరు అన్నాడు. మావ పంచె మీదే లైఫ్ జాకెట్ కట్టుకుని, బోటులో, వెనకాల స్కీల మీదున్న నావైపు తిరిగి కూర్చున్నాడు.

పడ్డాను. పడ్డాను. మళ్ళీ పడ్డాను. లేచాను.

నీళ్ళు ఇంత గట్టిగా ఉంటాయని బావ ఎప్పుడూ చెప్పలేదు.