అవ్వ పలకని పేరు

4 ఫిబ్రవరి 1967

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు అవ్వ పోయింది.

5 ఫిబ్రవరి, సాయంత్రం

నాంపల్లి కచేరీల ముందు వరండాలో ఇరవై రెండేళ్లుగా అర్జీలు టైపు చేస్తున్నాను. మూడు భాషల టైపింగూ ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాను. ఏ సంగతినైనా వరుసలో పెడితే గాని నా మనస్సు కుదుటపడదు. అవ్వ బ్రతుకునూ ఈ రోజు వరుసలో పెట్టాను.

ఒకటి. పుట్టినది ఆలేరు వైపు. వయస్సు ఎనభై నాలుగని అందరి అంచనా.

రెండు. పదకొండవ ఏట పెళ్లి.

మూడు. కన్నది ఆరుగురిని. దక్కినది మా నాన్న ఒక్కడే. ఆయనా ఆమె కంటె ముందే పోయాడు.

నాలుగు. నా రెండవ ఏట మా అమ్మ పోతే నన్ను సాకినది.

ఐదు. మొజంజాహీ మార్కెట్‌లో తొడిమ వాసన చూడనిదే మామిడిపండు కొని ఎరుగదు. మెత్తగున్నయి తీస్కో అవ్వా అన్న పండ్లవాణ్ణి, నీ పండుకంటె నేనే మెత్తగున్న, నన్ను గూడ తక్కెట్ల పెడ్తవా అని అడిగింది. అప్పటికి ఆమెకు డెబ్బై దాటాయి.

ఆరు అని వేసి ఆగిపోయాను. బయట నుమాయిష్ ఎగ్జిబిషన్ మైకులు మ్రోగుతూనే ఉన్నవి.

7 ఫిబ్రవరి

పురోహితుడు వామన్‌రావు పంతులు వచ్చాడు. పన్నెండవ నాడు, అంటే పదిహేనున, అవ్వ పిండాన్ని ఆమె అత్తగారి పిండంతోను, ఆ పై రెండు తరాల అత్తల పిండాలతోను కలపాలి. కలిపేటప్పుడు పేర్లు పలకాలి. పేర్లు తెలువని పై ఇద్దరికి నదుల పేర్లు గంగ, యమున అనుకుందాం గాని, సొంత అత్త పేరు గూడ తెలువదంటే ఎట్ల శ్యామ్‌సుందర్ అని అడిగాడు.

తెలియదు. ఇంతకాలం మా పాత పురోహితుడు తన పుస్తకంలో చూసి చదివేవాడు. ఆయన పోయాడు. పుస్తకం ఏమైనదో ఎవరూ ఎరుగరు. నేను నకలు తీసుకోలేదు. ఊరివారి అర్జీలలో తాత పేరు తప్పు పోతే కాగితం మార్చి మళ్లీ కొట్టే నేను!

ఫికర్ చెయ్యకుండ్రి, సరస్వతి అని పెడదాం అన్నాడు పంతులు. ఎవరో సరస్వతి దగ్గరకు అవ్వను పంపలేనన్నాను. నా భార్య విమలను అడిగాను. అవ్వ ఎన్నడూ అత్త పేరు తీయలేదట. కోడండ్లు తీస్తరా అని నన్నే ఎదురు అడిగింది.

8 ఫిబ్రవరి

ఇంటి పాత కాగితాల పెట్టె అంతా వెదికాను. ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి. ఏ కాగితంలోనూ ఆడమనిషి పేరు లేదు.

10 ఫిబ్రవరి

కాచిగూడ వెళ్లి వచ్చాను. అవ్వ పెళ్లినాడు తోడుగా పుట్టింటివారు పంపిన పోశవ్వ అక్కడ కూతురి ఇంట్లో ఉన్నది. అప్పుడు ఆమెకు ఏడేళ్లు. ఇప్పుడు నడవలేదు, మాట మాత్రం గట్టిదే. మైల ఉన్నందున గుమ్మం బయటే నిలబడ్డాను.

ఏంది శామూ, గిన్ని కాయిదాలు గీకుతవు, ఇంటి ఆడోళ్ల పేర్లు రాసుకోవైతివా అని మొదలుపెట్టింది. అత్త పేరు అండాళమ్మ. ఆగు, మీ అవ్వది గూడ అండాళమ్మనే అన్నది.

లక్ష్మీనర్సమ్మ కదా అన్నాను.

అది మెట్టినింట్ల పెట్టిన్రు బిడ్డా. పెండ్లినాడే లొల్లి. తల్లి పేరుతోటి పెండ్లాన్ని ఎట్ల పిలుస్తడు? అత్త పేరు కోడలు ఎట్ల పలుకుతది? గందుకే మార్చిన్రు. ఒకనాడు బాయికాడ మరిచి అండాలూ అన్న. ఉరికొచ్చి నా నోరు మూసింది. అత్త పేరు తీస్తవా అన్నది. నిన్నే పిల్చిన అన్న. నవ్వలే, ఏడ్వలే. చేద బాయిల ఇడిచిపెట్టింది. మల్ల ఎన్నడు నేను ఆ పేరుతోటి పిలువలే.

డెబ్బై మూడేళ్లు తన పేరును తానే పలకలేని మనిషి చేతి అన్నం తిన్నాను.

నడిచే వచ్చాను. బస్సు కోసం నిలబడే ఓపిక లేకపోయింది.

12 ఫిబ్రవరి

ఒక మనిషికి రెండు పేర్లుంటే అర్జీలో నడుమ ఉరఫ్ అని కొడతాను. పిండం పెట్టేటప్పుడు అవ్వను అండాళమ్మ ఉరఫ్ లక్ష్మీనర్సమ్మ అందామని పంతులును అడిగాను. మంత్రంల ఉరఫ్ ఉండదయ్యా, గిది కచేరి గాదు, బతికిన పేరే పేరు అన్నాడు.

ఆయన వెళ్లిన తరువాత విమల మెల్లగా అన్నది. అన్ని ఏండ్లు నోట్లనే దాచుకున్న పేరును నలుగురిల మీరు బయట పెడ్తరా, ఆమె మర్యాద ఆమెకుండనియ్యుండ్రి అని. మర్యాద కాదు, పదకొండేళ్ల పిల్ల భయం అన్నాను. మీకెట్ల ఎరుక అన్నది.

నిజమే. నాకు తెలియదు. అడిగి ఉంటే తెలిసేది. నలభై ఐదేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాము.

13 ఫిబ్రవరి

ఏమీ తేలలేదు. ఒక అర్జీ రెండుసార్లు తప్పు కొట్టాను.

15 ఫిబ్రవరి

అవ్వను లక్ష్మీనర్సమ్మ అనే పిలిచాము. పిండాలు కలిపేటప్పుడు అత్తగారి పేరు అండాళమ్మ అని మూడుసార్లు పలకమన్నాడు పంతులు. పలికాను. మొదటి రెండుసార్లు అత్తగారినే పిలిచాను.

మూడవసారి, వంటింట్లో ఉన్న మనిషిని పిలిచినట్లు పిలిచానట. విమల చెప్పింది.