గోడ మీద రెండో పేరు

డబ్ల్యూఆర్ఎస్ కాలనీ,
రాయ్‌పూర్,
12 జూన్ 2019.

వీణకు,

ఉమారాణి నమస్కరించి రాసేది. ఇక్కడ నేనూ మా ఆయనా క్షేమం. అక్కడ మీ ఇంటిల్లిపాదీ క్షేమమని తలుస్తాను. ముందు 'మీరు' అని మొదలుపెట్టాను. రెండు లైన్లు రాసేసరికి ఎబ్బెట్టుగా అనిపించి కాగితం మార్చాను. నీ అడ్రసు మీ అక్క అన్నమ్మ ఇచ్చింది. ఆవిణ్ణి తిట్టకు, నేనే వదలకుండా అడిగాను.

ఎండలు నలభై ఐదు దాటాయి. మన ఎడారి మొక్కలకు మాత్రం పండగ. నువ్వు వదిలి వెళ్ళిన పదకొండు డబ్బాలు ఇప్పుడు నలభై అయ్యాయి. ఖాళీ పెయింటు డబ్బాల అడుగున మేకుతో చిల్లులు పెట్టి, ఆరంగ్ నుంచి తెప్పించిన ఇసుకలో ఇటుక ముక్కలు కలిపి నాటుతున్నాను. వానలు పడేలోగా అన్నిటినీ రేకుల కిందకు చేర్చాలి. పోయినేడు నాకు సిల్తారాలో పని పడింది. పదిహేను రోజులు నేను ఇంటిపట్టున లేకపోయేసరికి, మొక్కలు ఎండిపోతున్నాయని మా ఆయన జాలిపడి రెండు పూటలా నీళ్ళు పోశారు. చూడ్డానికి పచ్చగానే ఉన్నాయి. వేలితో నొక్కితే లోపలంతా ముద్ద. ఆరు పోయాయి. నీళ్ళు పోస్తే సచ్చిపోయే మొక్కలేటి, నాకెవులు సెప్పారని నా మీదే ఎగిరారు.

పనులకు కొదవ లేదు. ఈ మధ్య ఒక పిల్లల ఆసుపత్రి గోడకు ఏనుగులు వేశాను. ఇప్పుడు ఒక పెళ్ళి మండపానికి నెమళ్ళు వేస్తున్నాను. అడిగినవి వేస్తాను, బాగుందంటారు. నాకేమీ అనిపించదు. మొన్న బొటనవేల్లో ముల్లు దిగి మూడు రోజులున్నా తెలియలేదు. చీము పట్టాక మా ఆయన చూసి పిన్నీసుతో తీశారు. రంగుల షాపు యోగేష్ అయితే, దీదీ మీరు ఇదివరకు ప్రతి డబ్బాకీ నాతో ఝగడా చేసేవారు, ఇప్పుడు ఏదిస్తే అది పట్టుకుపోతున్నారేమిటని తన హిందీలో బెంగపడ్డాడు.

అసలు సంగతికి వస్తాను. స్కూలు గోడ. ఆ గూడ్సు బండీ, బొగ్గుకు బదులు వ్యాగన్ల నిండా విరగబూసిన ముళ్ళ చెట్లూ నీ ఊహ. ఆరు నెలలు కాగితాల మీద గీసిందీ నువ్వే. నేను నీ గీతల్లో రంగు నింపాను, అంతే. మీ నాన్నగారికి బాగోలేదని నువ్వు పలాస వెళ్ళిన వారంలో పని పూర్తయింది. గోడ మూల పేర్లు రాయడానికి కూర్చుని, నా పేరు రాశాక ఆగిపోయాను. నీది తరవాత రాద్దాంలే అనుకున్నాను. పేపరాయన వచ్చి ఈ ఆలోచన ఎవరిదని అడిగితే నాదేనన్నాను, అలాగే అచ్చేశాడు. నువ్వు తిరిగొచ్చి ఆ పేపరు చూశావు. నీ దగ్గరున్న నా కుంచెలు మా అరుగు మీద పెట్టి వెళ్ళిపోయావు. తరవాత మీకు విశాఖ బదిలీ అయింది. తొమ్మిదేళ్ళు. నేను చేసింది దొంగతనం వీణా. దానికి ఇంకో పేరు లేదు.

బడి తెరిచేలోగా ఆ గోడకు సున్నం వేస్తారట. ఇరవయ్యో తారీఖు దాకా ఆగమని హెడ్మాస్టర్ని బతిమాలాను. ఈలోగా ఒక్కసారి రా. నా పేరు పక్కన నీ పేరు నీ చేత్తో రాయి. రంగు నేను కలిపి ఉంచుతాను. స్టేషనుకు కూడా నేనే వస్తాను. నీకు చెయ్యగలిగింది ఇదొక్కటే మిగిలింది.

ఇట్లు,
ఒకప్పటి నీ
ఉమ.

తా.క.: కవరు అంటించాక మళ్ళీ విప్పాను. గోడ లేదు వీణా. హోలీ వెళ్ళిన వారం రోడ్డు వెడల్పు చెయ్యడానికి పడగొట్టేశారు. కూరల సంచీ పట్టుకుని ఎదురుగా నిలబడి చూశాను. ముందు ఇంజను పడింది, తరవాత ఒక్కో వ్యాగనూ. ఏడుపొస్తుందేమోనని కాసేపు ఆగాను. రాలేదు. ఇంటికొచ్చి బెండకాయలు వేయించాను. అప్పట్నుంచీ ఇలాగే ఉన్నాను. నిన్న ఆ పేపరాయన్ని వెతుక్కుంటూ వెళ్ళి నిజం చెప్పాను. తొమ్మిదేళ్ళ కిందటి బొమ్మ, ఆ గోడే లేదు, ఇందులో వార్తేముందమ్మా అన్నాడు. గోడ ఉందంటే వస్తావని పైన అబద్ధం రాశాను. నీతో రెండోసారి అబద్ధమాడి పోస్టు చెయ్యలేకపోయాను. నిన్ను రమ్మనడానికి ఇప్పుడు నా దగ్గర ఏ కారణమూ లేదు. అయినా రా. వచ్చి, నాలుగు తిట్టి వెళ్ళు.