పునీతుడి జోళ్ళ ముక్క

కోర్ఫు,
పునీత స్పిరిదోను పండగ వెళ్ళిన మర్నాడు.

ఏమండీ,

మీ దియమంతీనా వేవేల నమస్కారాలతో రాస్తున్నది. అత్తయ్య, నేను, మరేట్టా దేవుడి దయవల్ల బాగున్నాం. వాన వదలడం లేదు, ఇంట్లో ఆరిన బట్టంటూ లేదు, అంతకు మించి మాకే కష్టమూ లేదు. మీ ఉత్తరం అందింది. దగ్గులో రక్తం పడటం ఆగిందనీ, డాక్టరు మిమ్మల్ని వరండా దాకా నడవనిస్తున్నాడనీ నేను చదివి వినిపించగానే అత్తయ్య ఆ కాగితం నా చేతిలోంచి లాక్కుంది. చదువు రాకపోయినా చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. చాలా రోజుల తర్వాత ఆ పూట దిగులు లేకుండా కడుపునిండా తిన్నాను.

మీరడిగినవన్నీ చెబుతాను. అత్తయ్యకు వాన పడితే మోకాళ్ళు పట్టేస్తున్నాయి, నోరు మాత్రం ఏ వానకీ పట్టెయ్యదు. మరేట్టా మీరు పంపిన ఆసుపత్రి బొమ్మకార్డు బడికి పట్టుకెళ్ళి అందరికీ చూపించి, మా నాన్న కొండ మీద మేడలో ఉంటాడని చెప్పిందట. మేడ కాదని నేను దిద్దలేదు. ఇక కప్పు కారుతున్నదా, పడవ చివికిపోతున్నదా, నేను పంపిన ఆ పునీతుడి జోళ్ళ ముక్క ఎవరిచ్చారు అని అడిగారు. ఈ మూడింటికీ జవాబు ఒక్కటే. అది చివర్లో రాస్తాను. ముందే రాస్తే తక్కిన ఉత్తరం చదవరు, మీ సంగతి నాకు తెలుసు.

పండగకు మన పునీతుణ్ణి, ఇన్ని వందల ఏళ్ళైనా చెడని ఆ దేహాన్ని, ఎప్పటిలాగే వెండి పేటికలో నిలబెట్టారు. వానలో గొడుగుల కింద పొద్దుటినుంచీ వరస. ఎవరో "స్పీరో" అని కేకేస్తే సగం వరస వెనక్కి తిరిగింది, ఊళ్ళో సగంమందికి ఆయన పేరే కదా. ఆయన పాదాలకు ముద్దు పెట్టేటప్పుడు మీ మంచం, మీ దుప్పటి, మీ దగ్గు అన్నీ చెప్పుకున్నాను. వెనక ఉన్నావిడ నన్ను మోచేత్తో పొడిచేదాకా చెబుతూనే ఉన్నాను.

బయటికి వచ్చాక మరేట్టా వాళ్ళ నాయనమ్మను పట్టుకుంది. పునీతుడు ఎప్పుడూ పేటికలోనే ఉంటాడు కదా, మరి జోళ్ళు అరిగిపోయాయని కొత్తవి ఎందుకు తొడుగుతారు అని. అత్తయ్య నడుస్తూనే చెప్పింది. ఆయన బతికున్ననాళ్ళు కాలు ఒకచోట నిలిపిన మనిషి కాదట. బిషప్ అయ్యాక కూడా గొర్రెలు కాయడం మానలేదట. ఆయన గాదెకు తాళమే లేదట. కరువొస్తే ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకెళ్ళి, పంట చేతికొచ్చాక తెచ్చి పోసేవాళ్ళట. ఎంత తీశావు, ఎంత పోశావు అని ఆయన తొంగి చూసిన పాపాన పోలేదట. "అలాంటి మనిషి చచ్చిపోతే మాత్రం పడుకుంటాడటే? లేనివాళ్ళ ఇళ్ళ చుట్టూ తిరుగుతూనే ఉంటాడు. అరగవూ మరి?" అంది.

మరేట్టా నమ్మింది. మీకు అబద్ధమెందుకు చెప్పాలి, నేనూ నమ్మాను.

ఇక ఆ ముక్క సంగతి. మిమ్మల్ని ఓడ ఎక్కించి వచ్చిన రోజే గుడికి పరుగెత్తాను. పునీతుడికి మార్చిన పాత జోళ్ళను ముక్కలు చేసి పంచుతారు కదా, ఆ పట్టుగుడ్డ చీలిక ఒక్కటి ఇప్పించండి, మా ఆయనకు పంపుకుంటాను అని పాదిరిగారిని వేడుకున్నాను. పాపం ఆయన పెట్టె తీసి చూపించారు, నూలుపోగు కూడా మిగల్లేదు. మళ్ళీ జోళ్ళు మార్చినప్పుడు రమ్మన్నారు. గుడి మెట్ల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళ ముందే ఏడ్చాను.

మర్నాడు మధ్యాహ్నం మన గుమ్మం బయట అంజొలోస్ నిలబడి ఉన్నాడు. అవునండీ, మీ తమ్ముడే. కాగితం కింద పడేయకండి, చదవండి. మామయ్యగారు పోయి నెల తిరక్కుండానే అడగకుండా ఆయన వల పట్టుకుపోయాడని, రేవులో నలుగురి ముందు మీరు దొంగ అన్న తమ్ముడే. మెడలోంచి చిన్న గుడ్డసంచి తీసి నా చేతిలో పెట్టాడు. అల్బేనియా యుద్ధానికి వెళ్ళేటప్పుడు అత్తయ్య అతని మెడలో కట్టిన పునీతుడి జోళ్ళ ముక్క అది. అంతమంది కాళ్ళు తినేసిన ఆ మంచులోంచి తన కాళ్ళ మీద తాను ఇంటికొచ్చింది దాంతోనే.

"అన్నయ్యకి పంపు వదినా. నా పేరు మాత్రం ఎత్తకు. ఎత్తావంటే దగ్గు తగ్గేది పోయి కోపం పెరుగుద్ది" అన్నాడు.

లోపల్నుంచి అత్తయ్య, "అప్పులవాడిలా గుమ్మంలో నిలబడతావేంరా, లోపలికి తగలడు" అని కేకేసింది. అన్నయ్య గడప తొక్కొద్దన్నాడు కదా అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అప్పుడు అత్తయ్య నాతో అన్న మాట మీకు రాయకూడదనుకున్నాను, కానీ రాస్తున్నాను.

"పునీతుడి గొర్రెల దొడ్లో దొంగలు పడి, దేవుడు కట్టేస్తే కదల్లేక తెల్లార్లూ నిలబడిపోయారు. పొద్దున్నే ఆయనొచ్చి విడిపించి, రాత్రంతా నిద్ర చెడగొట్టుకున్నారు, వట్టి చేతుల్తో ఏం పోతార్లే అని పొట్టేల్నిచ్చి పంపాడు. ఆయన పేరు చెప్పుకునే ఊళ్ళో పుట్టి నా పెద్దకొడుకు సొంత తమ్ముడికి తండ్రి వలొక్కటి వదల్లేకపోయాడు."

ఆ తర్వాత కప్పు మీద పెంకులు సర్దింది అతనే. మీ పడవ సందుల్లో తారు పట్టించిందీ, రోజూ చేప తెచ్చి గుమ్మం బయట పెట్టి పోతున్నదీ అతనే. ఇన్నాళ్ళూ మేము ఆకలి ఎరగలేదంటే అతని చలవే. అతనికి నేను ఎంత రుణపడ్డానో మాటల్లో చెప్పలేను.

నిన్న ఇంకొకటి జరిగింది. ఉప్పుచేప, వెల్లుల్లి ముద్ద చేశాం. మీ తమ్ముణ్ణి నేను లోపలికి పిలవలేదు, మీ మాట జవదాటలేదు. ఊరికే తలుపు బార్లా తెరిచి ఉంచాను. అతను మెట్ల మీద కూర్చుని తింటుంటే వానజల్లు కంచంలో పడుతున్నది. మరేట్టా వెళ్ళి ఆ కంచం తీసుకొచ్చి బల్ల మీద, మీ చోటు పక్కన పెట్టింది. "కంచం ఇక్కడుంది బాబాయ్" అంది. అతను కాసేపు గడపను చూశాడు. తర్వాత జోళ్ళు బయట విడిచి లోపలికి వచ్చాడు. అత్తయ్య కళ్ళు తుడుచుకుని, చేపలో ఉప్పెక్కువైందని నన్ను తిట్టింది.

ఆ ముక్క తలకింద పెట్టుకున్ననాటినుంచీ నిద్ర పడుతున్నదని రాశారు. ఇచ్చిన మనిషి పేరు తెలియక, రోజూ ప్రార్థనలో ఆ పేరు దగ్గర ఆగి, పేరు లేకుండానే ముందుకు వెళుతున్నానని కూడా రాశారు. ఇప్పుడు పేరు తెలిసింది. ఇన్నాళ్ళూ మీరు ప్రార్థించింది మీ తమ్ముడి కోసమే.

కోపమొస్తే నా మీద పడండి, ఉత్తరం నిండా తిట్టండి, సంతోషంగా చదువుకుంటాను. ఆ ముక్కను మాత్రం తిరిగి పంపకండి, అతను తీసుకోడు. ఈ గాలుల్లో వట్టి మెడతోనే సముద్రం మీదికి వెళుతున్నాడు. అందుకని, ప్రార్థనలో ఇకమీదట ఆ పేరు దగ్గర ఆగకండి, పైకే అనండి.

ఇట్లు,
మీ రాక కోసం తలుపు తీసే ఉంచిన
మీ భార్య,
దియమంతీనా